బీచ్ రోడ్డు చివర మైకుగది

లైట్‌హౌస్ చూడండి, శంఖాల కొట్టు చూడండి, కొత్తగా పెట్టిన చేపల మ్యూజియం కూడా చూడండి. అందులో ఉన్నవి ఆరు చేపలే అనుకోండి, అయినా చూడండి. కానీ చీకటి పడ్డాక ఈ బీచ్ రోడ్డు చివరికి మాత్రం వెళ్ళకండి. అక్కడ ఆగిపోయిన రంగులరాట్నం ఉంది చూశారా... దాని పక్కన ఒక చిన్న గది, పైన నాలుగు దిక్కులకీ తిప్పిన నాలుగు మైకు గొట్టాలు. మైకుగది అంటాం. ఈ ఊళ్ళో ఎవర్నడిగినా అదే మాట చెబుతారు — అటు పోవద్దని.

ఎందుకంటారా? కూర్చోండి, చెబుతాను. చేపలు వేగడానికి ఎలాగూ అరగంట పడుతుంది. వంటింట్లో ఉన్నది మా ఆయన. తొందరపెడితే ఉప్పు వెయ్యడం మర్చిపోతాడు.

ఆ మూల టేబులు వద్దమ్మా, అది ఒకావిడది. శాలువా కప్పుకుని కూర్చుంది చూడు, ఆవిడదే. పలకరించినా పలకదు, ఏమీ అనుకోకు. ఇలా కిటికీ దగ్గరికి రండి ఇద్దరూ.

ఏంటి బాబూ? నిన్న రాత్రి లాడ్జిలో పడుకుంటే మైకు వినపడిందా?

...ష్. మెల్లగా. ఆ సంగతి చివర్న అడుగుతాను, అప్పుడు చెబుదువుగాని. ముందు నేను చెప్పేది విను.

మేం ఈ హోటలు కొనుక్కునేసరికే మైకుగది మూతపడి మూడేళ్ళయింది. అంతకుముందు అందులో ఒకావిడ పనిచేసేదట. తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడం, ఎర్రజెండా ఎగరేస్తే నీళ్ళలో ఉన్నవాళ్ళని ఒడ్డుకి పిలవడం — అదీ ఉద్యోగం. అసలు పేరేంటో గానీ అందరూ మైకమ్మ అనేవారు. గట్టిగా అరిచేది కాదట. నెమ్మదైన గొంతు. ఏడుస్తున్న పిల్లలు కూడా ఆ గొంతు వినగానే ఊరుకునేవారట. ఇదంతా నాకు చెప్పింది పక్కనున్న శంఖాల కొట్టు తాత. మైకులు దండగని చెప్పి, కాపలావాళ్ళకి తలో ఈల ఇచ్చేసి గదికి తాళం వేశారు. మైకమ్మ తన మొగుణ్ణి తీసుకుని ఊరు విడిచి వెళ్ళిపోయిందట.

రెండేళ్ళ కిందట... వానలు మొదలయ్యాయి, టూరిస్టులు తగ్గిపోయారు. ఒక సాయంత్రం, సరిగ్గా లైట్లు వేసే వేళకి, ఆ గొట్టాల్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

“నీళ్ళలోకి వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డుకి రావాలి. మీవాళ్ళు మైకుగది దగ్గర ఎదురుచూస్తున్నారు.”

నీళ్ళలో ఎవరున్నారని? ఎర్రజెండా ఎగరేసి పదిరోజులైంది. ఒడ్డున కుక్క కూడా లేదు. గొట్టాలు తుప్పుపట్టాయేమో, కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వచ్చింది ఆ మాట. తుడుస్తున్న ప్లేటు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

శంఖాల తాత తన కొట్టులోంచి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“అది మైకమ్మ గొంతే. ముప్ఫయ్యేళ్ళు విన్నాను, నాకు తెలీదా?”

“అయితే తిరిగొచ్చిందేమో తాతా.”

“ఎక్కణ్ణుంచి వస్తుందే? పోయి నాలుగేళ్ళయింది.”

అంతే. ఆ ఒక్క మాటతో అందరం నమ్మేశాం. పోయిందని నీకెవరు చెప్పారు అని ఒక్కరం అడిగిన పాపాన పోలేదు.

తరవాత వారానికి మూడు నాలుగుసార్లు వచ్చేది. అదే వేళ... అదే మాట. మునిగిపోయినవాళ్ళని పిలుస్తోంది అన్నారు. పిలిస్తే వస్తున్నారు కూడా అన్నారు. అనడమే కాదు — మా తమ్ముడు కళ్ళారా చూశాడు.

వాడిది ఐస్‌క్రీం బండి. ఆ రోజు చినుకులు పడుతుంటే బండిని రంగులరాట్నం కింద పెట్టి ఇంటికొచ్చేశాడు. చీకటి పడుతుండగా తెచ్చుకుందామని మళ్ళీ వెళ్ళాడు. బండి మీద చెయ్యి వేశాడో లేదో, సరిగ్గా నెత్తిమీద మైకు పలికింది. “ఒడ్డుకి రావాలి...” వాడు కదల్లేదు. కదిలితే బండి గంట మోగుతుందని భయం.

మైకు ఆగింది. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. కాసేపటికి కిందికి చూస్తే... సిమెంటు మీద తడి అడుగులు. చెప్పులు లేని పెద్ద పెద్ద అడుగులు. నీళ్ళవైపు నుంచి మైకుగదికి వెళ్ళాయి. తిరిగొచ్చిన జాడ లేదు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఒక ఎర్రచుక్క వెలుగుతోంది, అది మైకుది. స్టూలు మీద ఎవరో మగమనిషి. చొక్కాలోంచి నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి. వెనక ఒకావిడ నిలబడి వాడి తల తుడుస్తోంది. తుడుస్తూ గొణుగుతోంది —

“ఎంతసేపు పిలిచాను... ఎంతసేపు పిలిచాను...”

ఆ మనిషి తలతిప్పి మా తమ్ముడికేసి చూశాడట. గోడని చూసినట్టు చూశాడట. ఇంక మావాడు బండీ లేదు, గంటా లేదు, ఒంటికాలి చెప్పుతో వచ్చి ఈ గుమ్మంలో పడ్డాడు. మూడురోజులు జ్వరం.

నిజం చెప్పొద్దూ... మాకు భయమూ వేసింది, బేరమూ పెరిగింది. దెయ్యం పిలుపు విందామని ఎండాకాలమంతా జనం విరగబడి వచ్చారు. శంఖాల తాత తన కొట్టు ముందు ‘మైకుగది ఇక్కడి నుండి బాగుగా కనపడును’ అని బోర్డు పెట్టాడు. మావాడు జ్వరం తగ్గిన మర్నాటి నుంచి ఐస్‌క్రీంతో పాటు అదే కథ చెప్పాడు. చెప్పగా చెప్పగా ఒక మనిషి కాస్తా నలుగురయ్యారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మీరు కూర్చున్న ఈ టేబులు అప్పుడు వేయించిందే. బయట పచ్చ లైటు చూశారుగా, అదీ అప్పుడు పెట్టిందే, చీకట్లో ఎంత దూరం నుంచైనా మా హోటలు కనపడాలని.

ఒకరిద్దరు కుర్రాళ్ళు వెళ్ళి తలుపు తీసి చూస్తాం అన్నారు. మేమే ఆపాం. ప్రాణాలమీదికి తెచ్చుకుంటారా అని చీవాట్లు కూడా పెట్టాం. దెయ్యం లేదని తేలితే మా గతేంటి మరి?

ఇక ఆ రాత్రి సంగతి. పోయిన ఏడాది వానల్లో. గాలికి రేకులు ఎగిరిపోతాయా అన్నట్టుంది. మా ఆయన సరుకులకని ఊరెళ్ళాడు. హోటల్లో నేనూ, తమ్ముడూ, ఒంటరిగా ఉండలేక వచ్చి కూర్చున్న శంఖాల తాతా... అంతే. మామూలు వేళకే మైకు పలికింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అలవాటైపోయింది కదా, తమ్ముడు నవ్వాడు కూడా.

మళ్ళీ పలికింది. మళ్ళీ. ఎప్పుడూ మూడుసార్లు పిలిచి ఎరగదు.

“ఒడ్డుకి రండి. ఒడ్డుకి రండి. మీవాళ్ళు... మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు.”

ఆ గొంతు తడబడడం అదే మొదటిసారి. తాత లేచి నుంచున్నాడు. గొట్టాల్లో ఊపిరి చప్పుడు... తరవాత —

“ఎవరైనా ఉన్నారా? మా ఆయన నీళ్ళలోకి వెళ్ళాడు. పిలుస్తుంటే రావడంలేదు. నేను దిగలేను, నా మోకాళ్ళు పనిచెయ్యవు. ఎవరైనా రండి బాబూ.”

నేను లేవబోయాను. ఇది ఒట్టు. తాత నా మణికట్టు పట్టుకుని గుసగుసగా అన్నాడు —

“పలక్కు. ఇప్పుడు బతికున్నవాళ్ళని పిలుస్తోంది.”

కూర్చుండిపోయాను.

“పచ్చ లైటు హోటలు వాళ్ళూ... మీ లైటు నాకు కనపడుతోంది. మీరున్నారని తెలుసు. ఒక్కరు రండి. ఒక్కరు చాలు.”

తమ్ముడు షట్టరు దించేశాడు. నేను... మీ దగ్గర దాచి ఏం చెయ్యను. గోడ దగ్గరికి వెళ్ళాను. ఇదిగో, ఈ స్విచ్చే. ఈ చెయ్యే. లైటు ఆర్పేశాను.

కాసేపు ఏమీ లేదు. తరవాత గొట్టాల్లోంచి... చాలా మెల్లగా... ఎవరితోనూ కాదన్నట్టు —

“ఆర్పేశారు.”

అంతే. తెల్లారేదాకా గాలి హోరే. చీకట్లో ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చున్నాం.

పొద్దున చేపలుపట్టేవాళ్ళు తలుపు తోసి చూస్తే — దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒక ముసలావిడ మైకుని గుండెకి అదుముకుని నేలమీద పడి ఉంది. ఊపిరుంది. శంఖాల తాత మొహం గుర్తుపట్టి అక్కడే కూలబడ్డాడు. “పోయిందని ఎవరో చెప్పారే... ఎవరో చెప్పారే...” ఆ ఎవరో ఎవరో ఈరోజుకీ చెప్పలేడు.

మొగుడు దొరకలేదు. పడవలు వారంరోజులు వెతికాయి. ఏమీ దొరకలేదు.

ఆవిడకి మాట పడిపోయింది. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు, అయినా మాట రాదు. నేను ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో రాసి చూపించేది. అలా తెలిసింది మాకు సంగతంతా.

ఆయన ఒకప్పుడు ఈ ఒడ్డున కాపలా ఉన్న గజఈతగాడట. ముప్ఫై మందిని పైకి లాగిన మనిషి. పెద్దతనంలో మతిమరుపు వచ్చింది. మామూలు మతిమరుపు కాదు, చొక్కాకి గుండీ పెట్టుకోవడం కూడా రానంత. ఎక్కడ ఉంచినా సముద్రం, సముద్రం అని గోల. పోనీ సముద్రం చూస్తుంటేనైనా స్థిమితపడతాడని తీసుకొచ్చి, ఐసు ఫ్యాక్టరీ వెనక ఒక గదిలో పెట్టుకుంది. సాయంత్రమైతే కన్నుగప్పి వచ్చి నీళ్ళలోకి దిగేవాడు, ఎవరో మునిగిపోతున్నారని. ఒడ్డున నుంచుని ఎంత అరిచినా వినేవాడు కాదు. మైకులో పిలిస్తే మాత్రం, డ్యూటీ అయిపోయిందనుకుని బుద్ధిగా వచ్చేసేవాడు. పాత తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండిపోయింది, గదికి కరెంటు తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. అదీ మా దెయ్యం. మా తమ్ముడు చూసిందల్లా ఒక పెళ్ళాం తన మొగుడి తల తుడవడం.

మాకు ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మా అని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి రాసింది — ‘ఆయన్ని ఈ ఊరంతా తలెత్తి చూసేది. ఇలా చూపించడానికి మనసొప్పలేదు.’

లైటు ఆర్పింది ఎవరో నేనే చెప్పాను. కాళ్ళు పట్టుకుని చెప్పాను. నా తలమీద చెయ్యి వేసింది. తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. అప్పట్నుంచీ మా దగ్గరే ఉంటోంది. సాయంత్రమైతే ఆ మూల కూర్చుని టీ తాగుతూ నీళ్ళకేసి చూస్తుంది.

అవునమ్మా... ఆవిడే. అటు తిరగకు. ఇటే చూడు.

ఆ తరవాత మున్సిపాలిటీవాళ్ళు వచ్చి మైకు పీకేశారు. తీగలన్నీ కోసేశారు. నా కళ్ళముందే కోశారు. ఉత్త గొట్టాలే మిగిలాయి పైన. పచ్చ లైటు మళ్ళీ నేను ఆర్పలేదు, పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది.

అయినా... ఈ నెల నుంచి లాడ్జిలో దిగినవాళ్ళు పొద్దున్నే వచ్చి అడుగుతున్నారు. రాత్రి మైకులో ఏంటో అన్నారు, ఏంటది అని. ఎవరికీ మాటలు సరిగ్గా వినపడలేదు. గాలిలెమ్మని సర్దిచెప్పి పంపిస్తున్నాను. ఇంకేం చెయ్యను? ఆవిడ చెవిన పడకుండా చూసుకోవడం తప్ప నా చేతిలో ఏముంది?

ఇప్పుడు చెప్పు బాబూ. ఇలా వంగి, నా చెవిలో చెప్పు. ‘నీళ్ళలోకి వెళ్ళినవాళ్ళు ఒడ్డుకి రావాలి’... అదేనా విన్నావు?

కాదా?

మగగొంతా?

మెల్లగా! మెల్లగా అని చెప్పానా... ఏమన్నాడు?

‘ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళు నీళ్ళలోకి రావాలి... మీవాళ్ళు ఇక్కడే ఉన్నారు’... అనా?

...

ఆ చప్పుడేంటి? గ్లాసా?

అయ్యో... అయ్యో! కుర్చీ ఖాళీగా ఉందే! తలుపు తీసి ఉందే! శాలువా ఇక్కడే పడేసి... ఇప్పుడేగా లేచింది, ఆ మోకాళ్ళతో ఎంతదూరం పోతుంది... లేవండి! అమ్మాయ్, ఆ మేకుకి టార్చి ఉంది, అందుకో. బాబూ, నువ్వు పరిగెత్తగలవు, రంగులరాట్నం వైపు నువ్వు ముందు పద. భయమా? నాకూ భయమే. చచ్చేంత భయం. పద!

ఏమయ్యోయ్! చేపలు మాడితే మాడనీ, బయటికి రా! తాతని పిలు, మా తమ్ముణ్ణి పిలు, దారిలో ఎవరు కనపడితే వాళ్ళని పిలు. నేను వెళ్తున్నా —

లైటు మాత్రం ఆర్పకు!