చేయి చాపినంత దూరం

అలారం మోగేసరికి తూరున్ ముక్కు ఐవిన్ స్వెటర్ కాలర్‌లో ఉంది.

అంతకు నిమిషం ముందు ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. శనివారం మధ్యాహ్నం. "హావ్సులా" ఓడ నార్వేలోని స్తవాంగర్ రేవు దాటి ఉత్తరానికి పోతోంది. అందరూ భోజనాల గదిలో దాల్చినచెక్క చల్లిన పాల జావ ముందు కూర్చున్నారు. కంప్రెసర్ గదిలో మిగిలింది వీళ్లిద్దరే.

"నీ మెషీన్ కంపంతా నా స్వెటర్‌కి పట్టేసింది. మా అమ్మ నాలుగు నెలలు కూర్చుని అల్లింది. ఇప్పుడు కుళ్లిన చేపలా ఉంది," అన్నాడు సెకండ్ ఇంజనీర్ ఐవిన్.

"స్నానం చెయ్యనోడివి నువ్వు, నింద నా మెషీన్‌కా?"

ఆ మెషీన్ అంటే తూరున్‌కి ప్రాణం. ఓడ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి, చల్లబరిచి, ద్రవంగా మార్చి డెక్ మీది ట్యాంకుల్లో దాస్తుంది. దానికి మూడేళ్లు ధారపోసింది. ఇప్పుడు పది రోజుల పరీక్ష జరుగుతోంది. ఎక్కడ గ్యాస్ లీకైనా రేవు చేరగానే మొత్తం ఊడబీకేస్తారు. ఇవాళ ఎనిమిదో రోజు.

"అయితే వాసన చూసి చెప్పు."

"చూస్తా. నాకేం భయమా?"

చూసింది. చేప లేదు, గీప లేదు. ఉన్ని, సబ్బు, కొంచెం కాఫీ. తల ఎత్తింది. అతను వెనక్కి జరగలేదు. చిత్రంగా ఆమె కూడా జరగలేదు.

అప్పుడే ఇద్దరి కాలర్లకీ తగిలించిన అగ్గిపెట్టెంత గ్యాస్ మీటర్లు ఒక్కసారిగా కీచుమన్నాయి. వెంటనే ఓడంతా సైరన్. ఇరవై మంది చెంచాలు చేత్తో పట్టుకునే డెక్ మీదికి పరుగెత్తారు.

తూరున్ మెషీన్ మీదికి వంగింది. పైపుల పద్నాలుగు జాయింట్లూ పరీక్షించింది. ఎక్కడా చుక్క గ్యాస్ లేదు. గోడ మీది సెన్సార్లు మోగనే లేదు. అప్పుడు వెలిగింది. ఊపిరి! మనిషి వదిలే ఊపిరిలో ఉన్నదీ ఆ గ్యాసే.

మరి ఓడెక్కిన ఈ మూడు నెలల్లో ఎందుకు మోగలేదు? ఎలా మోగుతుంది! ఈ ఓడలో ఎవరూ ఎవరికీ చేయి చాపినంత దూరం కన్నా దగ్గరగా నిలబడరు. కెప్టెన్ హల్వర్ ఆమె కన్నతండ్రి. ఆయనైనా పుట్టినరోజున కరచాలనం చేసి ఊరుకుంటాడు.

అరగంటలో పరీక్షాధికారి గున్వర్ ఇద్దర్నీ కెప్టెన్ గదికి పిలిచింది. ఆవిడకి అరవై ఏళ్లు. నవ్వగా చూసినవాళ్లు లేరు.

"మోగినవి మీ ఇద్దరి మీటర్లే. కారణం చెప్పండి. చెప్పలేకపోతే లీకనే రాస్తాను. ఐవిన్, నువ్వెక్కడున్నావు?"

ఐవిన్ కెప్టెన్ వైపు ఒక చూపు చూశాడు.

"నాలుగో జాయింటు దగ్గర బోల్టు బిగిస్తున్నానండీ. అక్కడ కాస్త గ్యాస్ వచ్చుంటుంది."

తూరున్ నిర్ఘాంతపోయింది. నాలుగో జాయింటు ఆమె స్వయంగా బిగించింది. ఇతనేనా ఇందాక తన ఎదుట కదలకుండా నిలబడ్డది?

"అబద్ధం!"

"ఊరుకో తూరున్," అతను గొణిగాడు. "మీ నాన్న ముందు నీ పరువు..."

"నా పరువంతా ఆ మెషీన్‌లోనే ఉంది! దాన్ని సముద్రంలోకి తోసేసి నన్ను కాపాడతావా?" అని, అధికారి వైపు తిరిగింది. "ఇతను జాయింటు దగ్గర లేడు. నా దగ్గరున్నాడు. మోగింది మా ఊపిరికి."

"ఎంత దగ్గర?"

తూరున్ చేతులతో చూపించబోయింది. రెండు అరచేతులూ ఒకదానికొకటి దాదాపు తగిలేదాకా వచ్చాయి.

కెప్టెన్ చేతిలో కాఫీ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. సగం చొక్కా మీద పడింది.

"మాటలు నేను రాసుకోను. చేసి చూపించండి," అంది గున్వర్.

"ఏమిటీ?" అన్నారు ముగ్గురూ.

మళ్లీ కంప్రెసర్ గది. గున్వర్ గడియారం పట్టుకుంది. కెప్టెన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురెదురుగా ఇద్దరూ. నిమిషం గడిచింది. మీటర్లు ఉలకలేదు, పలకలేదు.

"ఇందాక ఇంత దూరంలోనే ఉన్నావా?" అన్నాడు కెప్టెన్.

"లేదు కెప్టెన్."

"మరి జరగవయ్యా! మూడేళ్ల కష్టం పోయేలా ఉంది!"

ఐవిన్ ఉడికిన రొయ్యలా ఎర్రబడి జరిగాడు.

"అబద్ధం ఎందుకు చెప్పావ్?" తూరున్ నెమ్మదిగా అడిగింది.

"భయమేసింది. నీకది ఒట్టి పోట్లాటేనేమో, పైకి చెబితే కాదంటావేమోనని."

"పిచ్చోడా! పోట్లాట కోసం ఎవరైనా చేపల కంపు వాసన చూస్తారా? నువ్వంటే నాకిష్టం. మూడు నెలల నుంచీ."

ఐవిన్ బిగుసుకుపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి. పది సెకన్లు. ఇరవై సెకన్లు. మీటర్లు కిమ్మనలేదు.

"ఊపిరి వదులు నాయనా," అంది గున్వర్. "అది లేకపోతే ఎలా మోగుతుంది?"

వదిలాడు. మూడు నెలలుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. "నాక్కూడా తూరున్, మొదటి రోజు నుంచీ..."

రెండు మీటర్లూ కీచుమన్నాయి. ఓడంతా సైరన్. "మళ్లీనా! జావ చల్లారిపోయింది!" అని డెక్ మీంచి ఎవరో అరిచారు. గోడ మీది సెన్సార్లు మాత్రం చప్పుడు చెయ్యలేదు.

"కారణం, ఊపిరి. లీకు లేదు," అని గున్వర్ రాసుకుంది.

తూరున్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కెప్టెన్ ముందుకొచ్చి అలవాటు ప్రకారం కూతురి వైపు చేయి చాపాడు. ఆమె అందుకోబోయింది. ఆ చేయి సగంలో ఆగి, కిందికి జారింది. ఆయన ఆమెను దగ్గరికి లాక్కుని గట్టిగా వాటేసుకున్నాడు. బిత్తరపోయి చూస్తున్న ఐవిన్‌ని కూడా భుజం పట్టి లాగాడు.

తూరున్ కొయ్యబారిపోయింది. నాన్న మెడ దగ్గర ఏ వాసన ఉంటుందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

కెప్టెన్ కాలర్ మీది మూడో మీటరు కీచుమంది.

"ఇది దేనికి?" అంది గున్వర్, కలం ఎత్తి.

"అది కూడా రాసుకోండి," అన్నాడు కెప్టెన్, ఇద్దర్నీ వదలకుండానే.