అయిదు తరాల రొట్టె

పొద్దున్నే కృష్ణమోహన్ గారు మేడ దిగి వచ్చేసరికి కూతురు వంటింట్లో గుడ్లు గిలక్కొడుతోంది. ఒంటిమీద పాదాలదాకా జారిన పువ్వుల గౌను, నెత్తిమీద గడ్డం కింద ముడేసిన గుడ్డ టోపీ.

"ఇదేం వేషమే?"

"పయనీర్ డ్రెస్ నాన్నా, తొలినాళ్ళలో ఇక్కడికి వలసొచ్చినవాళ్ళది. వీకెండ్ గెస్టులుంటే వేసుకుంటాం. వాళ్ళకి సరదా."

"కెమిస్ట్రీలో ఎమ్మెస్ చేసింది ఇందుకా? పూటకూళ్ళ ఇల్లు నడపడానికా?"

పద్మిని నవ్వింది. బల్లమీద ఆయన బీపీ మాత్ర, పక్కనే గోరువెచ్చటి నీళ్ళు అప్పటికే పెట్టి ఉన్నాయి. ఆయన మాత్ర మింగారు గానీ, పెట్టిందెవరో అడగలేదు.

అది ఎనభై అయిదు అక్టోబరు. నెబ్రాస్కాలో మొక్కజొన్న ధర పడిపోయాక పద్మిని భర్త డేల్, అత్తగారు ఎడ్నా కలిసి మేడమీద గదుల్ని అద్దెకివ్వడం మొదలుపెట్టారు. రాత్రి పడక, పొద్దున టిఫిను. రోడ్డుమీద బోర్డు కూడా పెట్టారు: 'పయనీర్ల పొలం, 1874 నుంచి'. నార్త్ కెరొలైనాలోని క్యారీలో పేరున్న గుండె డాక్టరు కృష్ణమోహన్ గారు. పెళ్ళయ్యాక కూతురింటికి రావడం ఇదే మొదలు. వచ్చింది కూడా చూసిపోవడానికి కాదు, కూతుర్ని తీసుకుపోవడానికి. ఆయన స్నేహితుడు మూర్తి మందుల కంపెనీలో పద్మినికి ఉద్యోగం సిద్ధంగా ఉంచాడు. సోమవారానికల్లా జవాబు చెప్పాలి. డేల్ వెంట వస్తే రానీ, రాకపోతే మానేయనీ అనుకున్నారాయన.

వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో ఏది చూసినా ఆయనకి నవ్వొస్తోంది. హాల్లో ఓ పాత నాగలికి వార్నిష్ కొట్టి గోడకి తగిలించారు. ఇలాంటివి మా ఊళ్ళో ప్రతి చూరు కిందా చెదలు పట్టి పడుంటాయి. నూటపదేళ్ళకే ఇంత అట్టహాసమా? మా అమ్మమ్మ పచ్చళ్ళు నూరిన రోలు వయసు అంతకంటే ఎక్కువ.

టిఫిను బల్ల దగ్గర డేల్ షికాగో నుంచి వచ్చిన దంపతులకి కథ చెబుతున్నాడు.

"మా ముత్తాతగారి తల్లి హానా ఎద్దుబండిలో ఇక్కడికొచ్చింది. పులిసిన పిండి చలికి గడ్డకట్టకుండా జాడీని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మీరు తింటున్న రొట్టె ఆ పిండితో పొంగిందే. అయిదు తరాలుగా దాన్ని చావనివ్వలేదు."

షికాగో ఆవిడ ప్రసాదం తిన్నట్టు కళ్ళు మూసుకుని నమిలింది. కృష్ణమోహన్ గారు తన రొట్టె ముక్కని ముట్టకుండానే పళ్ళెం అవతలికి తోశారు.

"పులిసిన రొట్టెకి మళ్ళీ ఓ పురాణం," అన్నారు తెలుగులో.

పులిసిన పిండి అంటే ఆయనకి మొదటినుంచీ చులకనే. మూడేళ్ళ కిందట భార్య సుమతి పోయినప్పుడు బీరువా తెరిచి, మీ అమ్మ నగలు తీసుకోమంటే, పద్మిని వాటిని ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లో ఉన్న ఇడ్లీపిండి సీసా తువ్వాల్లో చుట్టుకుని విమానం ఎక్కింది. "బంగారం ముందు పెడితే పాచిపిండి పట్టుకెళ్ళింది మా మేధావి," అని ఆయన స్నేహితుల దగ్గర చెప్పి నవ్వుకునేవారు.

తినడం అయ్యాక షికాగో ఆవిడ అందర్నీ వాకిట్లోకి పిలిచింది. "ఫ్యామిలీ అంతా మెట్లమీద నిలబడండి, ఫొటో తీసుకుందాం." అంటూనే కెమెరా పద్మిని చేతిలో పెట్టింది. "నువ్వు తీస్తావు కదూ, హనీ?"

డేల్ ఏదో అనబోయాడు. అప్పటికే పద్మిని కెమెరా పట్టుకుని వాకిట్లోకి వెనక్కి నడిచింది. మెట్లమీద అందరూ నవ్వారు. ఎడ్నా నవ్వలేదు.

డేల్ గెస్టులకి పశువుల కొట్టం చూపించడానికి వెళ్ళగానే కృష్ణమోహన్ గారు వంటింట్లోకి వచ్చారు.

"బ్యాగ్ సర్దుకో. మూర్తికి ఫోన్ చేస్తాను."

"నేను అడగలేదు కదా నాన్నా!"

"ఎందుకడుగుతావు? అడగడం చేతనైతే ఆ కెమెరా ఆవిడ మొహాన కొట్టి మెట్లమీద నిలబడేదానివి. ముత్తవ్వ వాళ్ళది, నాగలి వాళ్ళది, పిండి వాళ్ళది. నువ్వు టోపీ పెట్టుకుని వాళ్ళ ముత్తవ్వకి డూప్‌వి. ఈ ఇంట్లో నీదంటూ ఏముందే? ఒక్కటి చూపించు, నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

"అలా మాట్లాడకండి."

"మీ అమ్మ గనక ఉంటే..."

"అమ్మని మధ్యలోకి తేకండి!" అంది పద్మిని.

ఎంగిలి పళ్ళాలతో ఎడ్నా గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి, నిటారుగా ఉంటుంది. "మీ నాన్న ఏమంటున్నారు?"

"ఏం లేదు మామ్."

"ఏమీ లేనిదానికి మనిషి అంత ఊపిరి ఖర్చుపెట్టడు. చెప్పు."

పద్మిని టోపీ విప్పి దాంతోనే కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇంట్లో నాదంటూ ఏముందని అడుగుతున్నారు."

ఎడ్నా పళ్ళాలు సింకులో పడేసి ఆయనకేసి చూసింది. నిన్నటినుంచీ ఆయన నాగలిని చూస్తున్న చూపే అది.

"మా ఇంట్లో ఏది చూసినా మీరు ముక్కు చిట్లిస్తున్నారు డాక్టర్. మంచిది. ఆ ముక్కుతోనే పనిప్పుడు." అరలోంచి జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టి మూత తీసింది. "వాసన చూడండి."

ఆయన అయిష్టంగా వంగారు.

"హానా పిండి చచ్చిపోయింది," అంది ఎడ్నా. "వాళ్ళమ్మ పోయాక మీ అమ్మాయి తిరిగొచ్చిన ఏడాది చలికాలంలో. గడ్డకడుతుందేమోనని నేనే పొయ్యి పక్కన పెట్టి మర్చిపోయాను. ఉడికిపోయింది. హానా తరవాత ఇద్దరు కోడళ్ళు కాపాడి నా చేతిలో పెట్టినదాన్ని ఒక్క పూటలో చంపేశాను. ఇదిగో, ఇక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. మీ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఐస్‌బాక్స్‌లోంచి తన సీసా తీసి, అందులో పిండి రెండు చెంచాలు మా గోధుమపిండిలో కలిపింది. నాలుగు రోజులు తిరక్కుండా జాడీ పొంగింది. డేల్‌కి ఇప్పటికీ తెలీదు. హానా వాడి కథలో ఉంది, రొట్టెలో లేదు."

కృష్ణమోహన్ గారు వంగినవారు వంగినట్టే ఉన్నారు. "ఏ సీసా?" అన్నారు కూతురితో, చిన్నగా.

"అమ్మది నాన్నా. చలికి పిండి పొంగదని అమ్మ ప్రతిసారీ పాతది గుప్పెడు దాచేది కదా. నేనూ అలాగే దాస్తూ వచ్చాను."

ఫ్రిజ్ అంతా కంపు కొడుతోందని ఆ సీసా మీద ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నారో! సుమతి సీసాని ఇంకా వెనక్కి జరిపేది. ఆవిడ పోయాక ఆయన ఇడ్లీ ముట్టలేదు.

తోసేసిన తన పళ్ళెం సింకులో పైనే ఉంది. అందులో చల్లారిన రొట్టె ముక్క తీసి కొరికారు. నమిలారు. గోధుమ రుచి అడుగున ఆ పులుపు తగిలింది. కుర్చీ వెతుక్కుని కూర్చుని, చేత్తో మొహం కప్పుకున్నారు.

ఎడ్నా వెంటనే అటు తిరిగి కుళాయి పెద్దగా విప్పింది. అప్పటికే కడిగి ఉన్న గిన్నెల్ని మళ్ళీ చప్పుడు చేస్తూ కడిగింది, ఆయన ఏడుపు ఎవరికీ వినపడకుండా. ఆయనకి అది అర్థమైంది. పొద్దున మాత్ర పక్కన గోరువెచ్చటి నీళ్ళు పెట్టింది కూడా ఈవిడేనని అప్పుడే అర్థమైంది.

"షికాగో ఆవిణ్ణి రానివ్వండి," అంది ఎడ్నా వెనక్కి తిరక్కుండానే. "మళ్ళీ తీయిస్తాను ఫొటో. ఈసారి కెమెరా ఆవిడ చేతిలోనే ఉంటుంది, నా కోడలు మధ్య మెట్టుమీద ఉంటుంది. డేల్ సంగతి నాకొదిలేయండి. వాడికి నోరు హానా విషయంలోనే లేస్తుంది, దద్దమ్మ!"

మర్నాడు బయల్దేరేటప్పుడు ఆయన మూర్తి మాట ఎత్తలేదు. కారు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు.

"పద్దూ, కొంచెం... ఓ సీసాలో పెట్టివ్వవే."

పద్మిని అమ్మ సీసాలోంచే తీసింది. తువ్వాల్లో చుట్టి తెస్తే, ఆయన రెండు చేతులా అందుకుని ముందు సీటులో పెట్టి బెల్టు కట్టారు.

"మూత గట్టిగా బిగించకండి నాన్నా," అంది కిటికీ దగ్గర వంగి, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "దానికి ఊపిరాడాలి."

"తెలుసే," అన్నారాయన. "మీ అమ్మ చెబుతుండేది."