ఊఁ కొట్టే గోదాము

మా పాత గుంటూరు సందులో ఒక మిర్చి గోదాము ఉంది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి వెళ్లేవాళ్లెవరూ నోరు తెరవరు. ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు కూడా మలుపులోనే కట్ చేసేస్తారు. ఎందుకంటే అక్కడ మీరేమన్నా సరే, లోపలినుంచి ఎవరో "ఊఁ..." అంటారు.

గట్టిగా కాదు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని అన్నట్టు, మెల్లగా... కథ చెబుతుంటే వినేవాళ్లు కొడతారే, అలాంటి ఊఁ.

ఒకాయన తన భార్య మీద వాళ్లన్నయ్యకి చాడీలు చెప్పుకుంటూ వెళ్తుంటే మాటమాటకీ ఊఁ వినిపించిందట. ఆయన చాడీలు మానలేదు గానీ దారి మార్చాడు.

ఆ గోదాముకి ఎదురుగానే నాది జిరాక్సు కొట్టు. ఇంత దగ్గర్లో ఉండి నువ్వెప్పుడూ వినలేదా అని అడక్కండి. నేను దీపాలు పెట్టే వేళకే షట్టరు దించేస్తాను. ఇప్పుడు చెప్పబోయేది తేజశ్రీ నాకు స్వయంగా చెప్పిన సంగతి.

తేజశ్రీ ఆర్కిటెక్టు. ఆ గోదాము స్థలంలో ఒక కంపెనీ ఇన్నోవేషన్ హబ్ టవరు కట్టబోతే, దానికి డిజైను చేసింది ఆవిడే. కొత్త ఆలోచనలు పుట్టించే మేడ అన్నమాట. మా సందులో పాత ఆలోచనలకే చోటు చాలడం లేదని నేను నవ్వాను. ఆవిడ గీసిన బొమ్మ చూశాక మాత్రం నవ్వలేదు. మా చుట్టూ ఉన్నవన్నీ పెంకుటిళ్లు, పాత మేడలు. వాటి నెత్తిన గాజు డబ్బా తెచ్చి పెట్టకుండా, గోదామును ముందు అలాగే ఉంచి, టవరును వెనక్కి జరిపి మెట్లుమెట్లుగా పైకి లేపింది. సందులో నిలబడి చూస్తే మనకి పెంకులూ చెక్క స్తంభాలే కనిపిస్తాయి. అయితే లిఫ్టు గోదాము లోపలే, పై అంతస్తు హాలు పొడవులో ఇమడాలి. ఇమడకపోతే ఆ డిజైనే లేదు.

అది ఆవిడ ఒక్కతీ మొదలుపెట్టింది కాదు. భర్త రామకాంత్‌తో కలిసి గీయడం మొదలుపెట్టింది. ఆయన నిరుడు గుండెపోటుతో పోయాడు. మిగతాదంతా విజయవాడలో తన ఫ్లాట్లో ఒక్కతే కూర్చుని పూర్తి చేసింది. "ఇంట్లో నా గొంతు నేనే వినడం మానేశానండి," అంది నాతో ఒకసారి.

కంపెనీ తరఫున పని చూసే శ్యామ్ సుందర్‌కి గోదాము మీద ప్రేమేమీ లేదు. లిఫ్టు పడుతుందని చూపే పై హాలు కొలతలు రేపు పొద్దున్న మీటింగుకి తెస్తే సరే, లేదంటే కూలగొట్టేసి గాజు మేడ లేపుతామన్నాడు.

ఆవిడ అదే రోజు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. కింద పని అయ్యేసరికి పొద్దుగూకింది. పైకి వెళ్దాం రమ్మంటే టీ తాగొస్తామని వెళ్లారు. ఆ టీ ఇంకా తాగుతూనే ఉన్నారు.

ఒక్కతే మెట్లెక్కింది.

పైన కరెంటు లేదు. ఎన్నేళ్ల నాటిదో మిరప ఘాటు ఇంకా గోడల్లోనే ఉంది. కళ్లు మండుతున్నాయి. చేతిలో లేజరు మీటరు. దాన్ని ఒక గోడకు ఆనించి నొక్కితే ఎర్ర చుక్క ఎదుటి గోడ మీద పడుతుంది, దూరం అంకెల్లో వస్తుంది.

ఇక్కడ ఆ మొగుడూపెళ్లాల పని పద్ధతి చెప్పాలి. ఆవిడ కొలిచి పైకి చదివేది. ఆయన రాసుకుని ఊఁ అనేవాడు. కొలత మీద అనుమానం వస్తే తప్పు అనేవాడు కాదట... ఊరుకునేవాడు, అంతే. ఊఁ రాకపోతే ఆవిడ మళ్లీ కొలిచేది. పెళ్లయిన నాటినుంచీ అదే అలవాటు.

ఆ అలవాటు కొద్దీ మొదటి గోడ కొలిచి పైకి చదివింది.

"ఊఁ..."

ఆవిడ ఫోన్లో రాసుకుని రెండో గోడ దగ్గరికి నడిచింది. అక్కడికి వెళ్లాక — అప్పుడు — ఒళ్లు చల్లబడింది.

మెట్ల వైపు చూసింది. దిగి పారిపోవచ్చు. పారిపోతే రేపటితో రామకాంత్ గీసిన గీత ఒక్కటీ మిగలదు. రెండో గోడా కొలిచి చదివింది.

"ఊఁ..."

ఈసారి దగ్గరగా.

ఇక మిగిలింది హాలు పొడవు. లిఫ్టు పడుతుందా లేదా అన్నది తేలేది దాంతోనే. ఎర్ర చుక్క చీకట్లోకి పోయింది. అంకె చూసేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. చాలదు. లిఫ్టు పట్టదు. ఆ అంకె పైకి చదివింది...

చప్పుడు లేదు.

మళ్లీ చదివింది. ఎదురుచూసింది.

ఊఁ రాలేదు.

"అప్పుడు భయం పోయిందండి, అలవాటొక్కటే మిగిలింది," అంది నాతో. ఫోను లైటు వేసుకుని చుక్క పడిన చోటికి వెళ్లి చూసింది. అది గోడ కాదు. దూలానికి వేలాడుతున్న పాత గోనెసంచి. దాన్ని పక్కకు లాగేసి మళ్లీ కొలిచింది. లిఫ్టు హాయిగా పడుతుంది. ఆ అంకెని ఏడుస్తూనే చదివింది.

"ఊఁ."

మర్నాడు మీటింగులో ఆ కొలత చూసి శ్యామ్ సుందర్ సరేనన్నాడు. గోదాము నిలిచింది. కానీ ఆ రాత్రి సంగతి ఇంకా ఉంది.

ఆవిడ కిందికి దిగేసరికి, పగలు మూసి ఉన్న మెట్ల పక్క గదిలో చిన్న దీపం. దీపం ముందు ఒక మనిషి — ముక్కూ మూతీ కనబడకుండా గుడ్డ కట్టుకుని...

గుడ్డ తీశాక తెలిసింది. పేరు అనీసా. మిరపకాయలకి తొడిమలు తీసే కూలీ. ఒకప్పుడు ఈ గోదాములోనే పని. భర్త పోయి, అద్దె గది పోయి, ఎవరికీ చెప్పకుండా ఇక్కడ చేరింది. తొడిమలు తీసేచోట ఘాటుకి నోరు తెరవలేరు. ఒకరు దగ్గుకుంటూ కథ చెబితే మిగతావాళ్లు గుడ్డ చాటునుంచి ఊఁ కొడతారు. బతుకంతా అదే అలవాటు.

"దారిన పొయ్యేవాళ్ల మాట వినబడితే ఊఁ అనకుండా ఉండలేనమ్మా," అంది. "నాతో మాట్టాడేవాళ్లు ఎవరున్నారు గనక."

మా సందు మొత్తాన్ని ఇన్నాళ్లు వణికించిన దెయ్యం ఇదన్నమాట. తేజశ్రీకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే మనసు చివుక్కుమంది. పైన ఊఁ అన్నదీ ఈవిడేనా అని. తనకి తెలియకుండానే అది ఇంకెవరో అని ఆశపడింది మరి.

అనీసా పొయ్యి మీద టీ పెట్టింది. మాటల్లో తేజశ్రీ అడిగింది, మూడో కొలత తప్పని నీకెలా తెలుసు, అప్పుడెందుకు ఊరుకున్నావు అని.

అనీసాకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"మీకు నేను ఊఁ అనలేదమ్మా. మీరిద్దరూ పనిలో ఉన్నారు, మధ్యలో నేనెందుకని గమ్మునున్నా."

"ఇద్దరమా?"

"మీరు చదవతంటే ఆ సారు ఊఁ అంటానే ఉన్నాడుగా." అనీసా మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇంకా దిగి రాలేదేందమ్మా?"