డ్రాగన్ రాజును ఎండబెట్టిన రోజు

ఆ ఏడు చైనాలో మా షాన్‌షీ కొండల్లో పడిన కరువు మామూలుది కాదు. మా అత్త ఏడిస్తే కళ్లలోంచి నీళ్లు రాలేదు, ఉప్పు రాలింది. ఏరుకుని కూరలో వేసుకున్నాం. నమ్మకపోతే మానండి.

వాన ఇవ్వాల్సింది డ్రాగన్ రాజు. ఇవ్వకపోతే మేం ఊరుకుంటామా? గుడిలోంచి ఆయన మట్టి విగ్రహాన్ని మోసుకొచ్చి కళ్లంలో ఎండకు కూర్చోబెడతాం. ఒళ్లు మాడితే ఆయనకే తెలిసొస్తుంది. కట్టుబాటు ఒక్కటే. మొదటి చినుకు పడేలోగా గుడికి చేర్చెయ్యాలి. తడవనివ్వకూడదు.

మా ఆయన బావ్‌షాన్ విగ్రహం బుగ్గ గిల్లాడు. "ఏం మామా, చెమట పడుతోందా?"

"నోర్ముయ్యి, వింటాడు," అన్నాను.

"వినాలనేగా నా గోల!"

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. పట్టపగలే చీకటి. బురద వాసన, దాని వెనకే చేపల కంపు. చినుకు పడగానే ఊరు ఊరంతా నోళ్లు తెరుచుకుని గంతులేసింది. విగ్రహం సంగతి ఎవరికీ పట్టలేదు.

"అయ్యో, తడిసిపోతోందే!" బావ్‌షాన్ దాన్ని వీపున వేసుకుని పరుగెత్తాడు. వెనకే నేను.

గుడి మెట్ల మీద ఆగిపోయాడు.

"ఏమే... మెడ పట్టుకుంది."

మట్టి చేతులు. రెండూ అతని మెడ చుట్టూ. లాగాను. వెచ్చగా ఉన్నాయి... ఇంకా బిగిశాయి. విగ్రహం కరిగి అతని వీపులోకి ఇంకిపోతోంది. కింద ఒక్క చుక్క బురద లేదు.

"ఇంటికి పోదాం రావయ్యా..."

"కాళ్లు నా మాట వినట్లేదే..."

లోపలికి నడిచాడు. పీఠమెక్కి కూర్చున్నాడు. అంతే... కదల్లేదు.

నేను పట్టుకు లాగుతుంటే ఊరిపెద్ద లూ తాత వచ్చి నా చెయ్యి విడిపించాడు. బయట వాన ధారలు కట్టింది.

"వదిలెయ్ అమ్మాయ్. అతన్ని దింపితే వాన ఆగిపోతుంది."

"మీ మనవడైతే వదిలేస్తారా తాతా?"

తాత అగరొత్తులు వెలిగించాడు... నా మొగుడి ముందు.

ఇప్పుడు నాకు నోట్లో పన్ను లేదు. అతనికింకా ఇరవై రెండేళ్లే. ఏటా డ్రాగన్ తలెత్తే పండగనాడు మా మగాళ్లంతా జుట్టు కత్తిరించుకుంటారు. అతనికి నేనే కత్తిరిస్తాను. జుట్టు పెరుగుతోంది కదా... మనిషి లోపలే ఉన్నాడని నా ఆశ.

ఈ ఏడు చెవి దగ్గర గుసగుసలాడాను. "ఉన్నావా?"

కన్ను ఆర్పాడు.

రెప్ప పైనుంచి దిగలేదు. ముక్కు పక్కనుంచి, మొసలి కంటి పొరలా, అడ్డంగా జరిగి... నెమ్మదిగా వెనక్కి పోయింది.