మనిషి పొడవు మడి

దయావతి నైట్ డ్యూటీ ముగించుకుని హాస్పిటల్ వ్యాను దిగేసరికి సౌదీలోని అభా కొండల మీద మంచు ఇంకా విడలేదు. సందు మలుపులోనే ఆ చప్పుడు వినిపించింది. ఇటుక మీద ఉలి పడుతున్న చప్పుడు. రాత్రంతా పేషెంట్ల మధ్య తిరిగిన కాళ్ళు పీకుతున్నాయి. ఈ చప్పుడు వింటుంటే ఒళ్ళు మండింది.

హాల్లో రెండు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. వాటిలో ఒక్క బట్ట కూడా సర్దలేదు. కూతురు కీర్తన సోఫాలో ముడుచుకుని పడుకునుంది. వెనక పెరట్లో భర్త నోవహు గొంతుక్కూర్చుని పాత ఇటుకలకు అంటుకున్న గచ్చు చెక్కుతున్నాడు. పక్క వీధిలో పాత గోదాము కూల్చి పారబోసిన ఇటుకలవి. వారం నుంచీ మోసుకొస్తున్నాడు. చెక్కినవాటిని బకెట్టులో నానబెట్టి, వరస తిన్నగా రావడానికి దారం కట్టి, సిమెంటు లేకుండా ఉత్త మట్టి అడుసుతోనే పేరుస్తున్నాడు. మోకాలి ఎత్తు గోడ నాలుగు వైపులా లేచింది.

"ఏవండీ, గురువారం ఫ్లైటు. గుర్తుందా?"

"ఉంది."

"మరి సర్దరేం?"

"సర్దుతాన్లే దయా. ఈ వరసొకటి అయిపోనీ. కూరల మడి. నువ్వు అంతగా నడుం వంచకుండా కోసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు."

"నేనడిగానా మడి కావాలని?"

అతను ఇంకో ఇటుక చేతిలోకి తీసుకున్నాడు.

నోవహు పనిచేసిన చిన్న కాంట్రాక్టు కంపెనీలో సౌదీవాళ్ళు చాలినంతమంది లేరు. ఎంతమంది సౌదీవాళ్ళకు పనిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాఖాత్‌లో ఎర్ర రంగులో పడిపోయింది. ఆ రంగు పడ్డాక పనివాళ్ళను ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కావు. నెలల తరబడి అందరినీ వేలాడదీసి, చివరికి వాళ్ళకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, కంపెనీ మూసేసి, ఇక తిరిగి రాకుండా పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. కుటుంబంలో తలకింతని సర్కారు వేసే లెవీ ఏటా పెరుగుతోంది. ఒక్క జీతంతో నెగ్గుకురాలేమని కీర్తనను కూడా తండ్రితోనే పంపేస్తున్నారు. ఇక ఈ ఇంట్లో దయావతి ఒక్కతే. ఈ నాలుగు రోజులైనా మొగుడు తన పక్కన కూర్చుంటాడనుకుంది. ఆయనేమో ఇటుకల పక్కన కూర్చున్నాడు.

ఉతికిన బట్టలు ఆరేద్దామని మేడ ఎక్కింది. పైవాటాలో ఉండే నిజామాబాద్ తాజున్నీసా అప్పటికే పిట్టగోడ మీంచి కిందికి వంగి చూస్తోంది.

"ఓ అన్నా! ఏం కడ్తున్నవ్, కోళ్ళ గూడా? మా ఇంటాయనకు జర నేర్పరాదు, గాయన మేకు గూడ కొట్టడు!"

కింద నోవహు నవ్వీ నవ్వనట్టు తల ఊపాడు. దయావతి కూడా నవ్వబోయి వంగి చూసింది. చేతిలోని తడి చీర జారిపోయింది.

కిందనుంచి చూసినప్పుడు తెలియలేదు. పైనుంచి చూస్తే స్పష్టంగా ఉంది. మనిషి పొడవు, మనిషి వెడల్పు. ఒక చివర కాస్త ఎత్తు. ఆ ఎత్తైన చివర మధ్యలో ఒక ఇటుక నిలువుగా నిలబెట్టి ఉంది. వాళ్ళ ఊరి సమాధుల తోటలో వరసగా ఉండేవి ఇలాంటివే.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు.

"ఏం కడుతున్నారండీ మీరు?"

"చెప్పాను కదా."

"కూరల మడికి తలాపి దేనికండీ? నిలువు ఇటుక దేనికి? సమాధి కట్టి పోతున్నారు నాకు! గురువారం నుంచి ఒంటరిదాన్ని, కిటికీ తెరిస్తే నాకు ఇదా కనబడాలి?"

నోవహు బిత్తరపోయి గోడ వైపు చూశాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చేతిలోని తాపీ కింద పెట్టేశాడు.

"నాకు... తెలీలేదు దయా. చెయ్యి అలా పోయింది."

"పడగొట్టండి."

"పడగొడతాను."

అతను ముందుగా నిలువు ఇటుకను లాగాడు. గిరాటు వెయ్యలేదు. రెండు చేతులా పట్టుకుని పక్కన పెట్టాడు. తరవాతది తీశాడు. దాని అడుసు బొటనవేలితో తుడిచి దాని పక్కనే పెట్టాడు. మూడోదాని దగ్గర చేతులు ఆగిపోయాయి.

"మా నాన్న ఇలాగే కట్టేవాడు," అన్నాడు తల ఎత్తకుండా.

దయావతి మామగారు ఎలీషా మేస్త్రి. ఊళ్ళో కొత్త ఇటుక కొనలేని వాళ్ళెవరు పోయినా, కూలిన గోడల ఇటుకలు ఏరుకొచ్చి, చెక్కి, కూలి తీసుకోకుండా సమాధి కట్టేవాడు. ఆ చెక్కడం నేర్చుకునే నోవహు మేస్త్రి అయ్యాడు. ఎండాకాలంలో ఆయన పోయినప్పుడు నోవహుకి ఇకామా లేదు. ఇకామా లేక వెళ్ళి వచ్చే వీసా ఇవ్వలేదు.

"ఆ రోజు మా తమ్ముడు స్టాన్లీ ఫోన్లో చూపించాడు," అన్నాడు నోవహు. "పెట్టె దించారు. అందరూ గుప్పెడు గుప్పెడు మన్ను వేస్తున్నారు. నేను సైట్లో నిలబడి ఫోను ముందు చెయ్యి చాపాను దయా. చేతిలో ఏమీ లేదు."

"ఇప్పుడు వెళ్తున్నారు కదండీ..."

"వెళ్ళి? వాడు నాన్న సమాధికి గ్రానైటు వేయించేశాడు. ఫొటో పెట్టాడు. మెరుస్తోంది, బాగుంది. వాడి తప్పు కాదు, నాకోసం ఎన్నాళ్ళని ఆగుతాడు? ఊరందరికీ కట్టాడు మా నాన్న. ఆయనకి నేను ఒక్క ఇటుక పెట్టలేదు. ఇప్పుడెళ్ళి పూలు పెట్టి నిలబడాలి, చుట్టంలాగ."

మామగారు పోయారన్న కబురు వచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. డ్యూటీ నుంచి రాగానే ప్రార్థన చేసింది. ఆమేన్ అన్న నోటితోనే, "మరి ఇకామా సంగతి కఫీల్ ఏమన్నాడు?" అని అడిగింది. అతను లేచి అన్నం వడ్డించాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇకామా గురించి, లెవీ గురించి, టికెట్ల గురించి మాట్లాడుకున్నారు. మామగారి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. నోవహు ఏడవలేదు. ఎందుకు ఏడవలేదని తనూ అడగలేదు.

దయావతి యూనిఫాంతోనే మట్టిలో కూలబడింది. అతను తీసిన ఇటుకలు ఒక్కొక్కటే అందించింది.

"పెట్టండి. ఎక్కడివి అక్కడ పెట్టండి."

"వద్దు దయా. ఒక్కదానివీ ఉంటావు. భయం..."

"మామయ్యగారంటే నాకు భయం దేనికండీ? పెట్టండి."

చివరికి నిలువు ఇటుక కూడా తలాపిన నిలబడింది. గుమ్మంలో కళ్ళు నులుముకుంటూ నిలబడ్డ కీర్తనను దగ్గరికి పిలిచింది. పక్కన పోసిన మట్టి కుప్పలోంచి పాప చేతిలో గుప్పెడు పెట్టి, తనూ గుప్పెడు తీసుకుంది.

"తాతయ్యకమ్మా," అంది.

పాప వేసింది. దయావతి వేసింది. నోవహు మన్ను తీసుకుని గుప్పిట బిగించాడు. వేళ్ళు విప్పేసరికి గొంతు విడింది. "నాన్నా" అని అరిచి ఇటుకల మీదికి ఒరిగిపోయాడు. మేడ మీద తాజున్నీసా చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకుంది.

ఎండ పెరట్లోకి దిగాక కూడా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. దయావతి అతని వీపు నిమురుతూ అడిగింది.

"మామయ్యగారికి ఏ కూరంటే ఇష్టమండీ?"

నోవహు కళ్ళు తుడుచుకున్నాడు. "గోంగూర. పుల్లది."

"వెళ్ళగానే విత్తనాలు పంపించండి."

"కొండ చలికి లేస్తుందో లేదో."

"లేవకపోతే మళ్ళీ వేస్తాను," అంది దయావతి.