పచ్చిమట్టి మీద వేలిముద్ర

లైట్లు సరిచూడాలి. శిల్పాల కింద పేర్లు అతికించాలి. గుమ్మానికి బంతిపూలు కట్టించాలి. కుందిలో నూనె పోయించాలి. ఎస్.ఐ. గారు రాగానే, సింధూరి చేసిన బొమ్మ మెడ మీది వేలిముద్ర చూపించాలి.

అన్నీ అయ్యాయి. ఆ చివరిదే మిగిలింది.

ఎగ్జిబిషన్ పనులు చూస్తున్న రాజ్యశ్రీ, మ్యూజియం హాల్లోకి అడుగు పెడుతుంది.

పీట ఖాళీ.

బొమ్మ లేదు...

వెనక గేటు దగ్గర ఆటో స్టార్టయిన చప్పుడు. పరుగెత్తుతుంది. టార్పాలిన్ కప్పిన ట్రాలీ ఆటో మలుపు తిరిగిపోతోంది.

"శౌరయ్యా, ఎవరు వాళ్ళు?"

వాచ్‌మన్ శౌరయ్య తడబడతాడు. "బట్టీలో కాల్చడానికంటండి. మీరే పంపమన్నారన్నాడు డ్రైవరు."

"నన్ను అడగొద్దా?"

"పొద్దుట్నుంచి పది పనులు చెప్పారు గదండీ. ఇదీ అందులోదే అనుకున్నా."

స్కూటీ తాళం తిప్పుతుంది. రోడ్డు మీద పడుతుంది.

ఆ బొమ్మ పోకూడదు. పోతే సింధూరి చావుకు సాక్ష్యం లేదు.

రేపు మ్యూజియంలో మొదలయ్యే ఎగ్జిబిషన్‌లో అన్నీ ఆడవాళ్ళు చేసిన శిల్పాలే. రాయి, చెక్క, కంచు. పచ్చిమట్టి బొమ్మ ఒక్కటే. మగ్గం ముందు కూర్చున్న తల్లి. దాన్ని కాల్చకముందే, కొన్ని నెలల కిందట, సింధూరి పోయింది. గుణదలలో, గురువుగారి స్టూడియోలో, ఫ్యానుకు వేలాడుతూ కనిపించింది. ఆత్మహత్య అన్నారు. ఆ సాయంత్రం స్టూడియోలో ఆమె తప్ప ఎవరూ లేరన్నారు.

చనిపోవడానికి కాసేపటి ముందే రాజ్యశ్రీకి వీడియో పంపింది. "చూడక్కా, మెడ ఎంత నున్నగా వచ్చిందో."

వీడియోలో మెడ నున్నగానే ఉంది.

నిన్న దుమ్ము తుడుస్తుంటే, అదే మెడ మీద ఒక బొటనవేలు ముద్ర. పెద్దది. మగవాడిది. తడిమట్టిలో లోతుగా దిగి అలాగే ఎండిపోయింది.

అంటే వీడియో తర్వాత ఎవరో వచ్చారు!

ఫొటో తీసింది. అందులో నీడ పడింది గానీ గీతలు పడలేదు. బొమ్మే కావాలన్నారు ఎస్.ఐ.

ఆటో గన్నవరం వైపు పారిపోతుందనుకుంటుంది. కాదు. కృష్ణ మీది బ్యారేజీ ఎక్కుతోంది.

కారు అడ్డం. బ్రేక్. స్కూటీ జారుతుంది. మోచేయి చీరుకుపోతుంది. లేచి మళ్ళీ ఎక్కుతుంది.

ఇయర్‌ఫోన్‌లో ఎస్.ఐ. గొంతు. "మేడం, మీరు వెంటపడకండి. నంబరు చెప్పండి చాలు."

"నంబరు మీద బురద ఉందండి. సీతానగరం వైపు దిగుతున్నాడు."

ఘాట్ దగ్గర ఆటో ఆగి ఉంది. ట్రాలీ ఖాళీ. డ్రైవరు బీడీ ముట్టించుకుంటున్నాడు.

"బొమ్మ ఏది?"

"ఏందమ్మా, దొంగని పట్టుకున్నట్టు కాలర్ పట్టుకుంటారు? నాది కిరాయి. అదుగో, ఆ పెద్దమ్మని అడుగు."

మెట్ల కింద, నడుం లోతు నీళ్ళలో ఒక ముసలామె. చేతుల్లో బొమ్మ. బొమ్మ నుదుట కుంకుమ, మెడలో దండ.

పున్నమ్మ. సింధూరి తల్లి.

"పిన్నీ, ఆగండి!"

రాజ్యశ్రీ నీళ్ళలోకి దూకుతుంది.

అప్పటికే బొమ్మ గడ్డం దాకా మునిగింది. వేలిముద్ర ఉన్న చోటు కోసం తడుముతుంది. మెత్తగా... జారుగా... మెడ గుప్పిట్లో అడుసైపోతుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలో కలిసిపోతుంది.

"వచ్చావా అమ్మాయ్," అంటుంది పున్నమ్మ. "నీకు చెబుదామనే అనుకున్నా. వద్దంటావేమోనని భయమేసింది."

"ఎవరు చెప్పారు పిన్నీ, ఇలా చేయమని?"

"దేవేంద్ర సారే. పొద్దున ఫోన్ చేశారు. ఏడాది నిండేలోపు పచ్చిబొమ్మని కృష్ణమ్మలో కలపాలంట. లేకపోతే పిల్ల ఆ మట్టిని పట్టుకునే తిరుగుతా ఉంటదంట. వినాయకుణ్ణి మాత్రం ఇంట్లో ఉంచుకుంటామా, కలిపేస్తాం గదా. ఆటో కూడా ఆయనే మాట్లాడారు. మంచాయన."



దేవేంద్ర. సింధూరి గురువు. ఈ ఎగ్జిబిషన్‌కు పెద్ద. ఆ రోజంతా మైలవరంలో ఉన్నానని పోలీసులకు చెప్పిన మనిషి.

వేలిముద్ర సంగతి నిన్న పోలీసులకంటే ముందు రాజ్యశ్రీ చెప్పింది ఆయనకే. పెద్దవాళ్ళతో ఒక మాట అనకుండా స్టేషన్‌కు వెళ్ళడం మర్యాద కాదనుకుంది.

"ముందు నాకు చెప్పి మంచిపని చేశావమ్మా," అన్నాడాయన.

ఫోన్ మోగుతుంది. దేవేంద్ర సార్.

"ఎక్కడున్నావమ్మా? బొమ్మ ఎవరో ఎత్తుకుపోయారట గదా. శౌరయ్య ఏడుస్తున్నాడు."

రాజ్యశ్రీ అటు తిరుగుతుంది. గొంతు తగ్గిస్తుంది.

"దొరికింది సార్. తల్లిగారి చేతుల్లోంచి లాక్కున్నాను. మెడ మీద చుక్క నీరు కూడా పడలేదు."

అటు తలుపు మూసిన చప్పుడు.

"నీకు... ఎంత కావాలమ్మా?"

తడిసిన బొటనవేలితో రికార్డు నొక్కబోతుంది. ఫోన్ కట్.

ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.

పున్నమ్మ దోసిట్లో మిగిలిన మట్టిని నీళ్ళలోకి వదిలి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటుంది.

"ఇంక నా పిల్లకి శాంతే గదమ్మా?"

చెప్పేయాలా? సాక్ష్యాన్ని కన్నతల్లే తన చేతులతో కడిగేసిందని... ఎలా చెప్పాలి?

"శాంతే పిన్నీ."

ఆమెను పొదివి పట్టుకుని మెట్లెక్కిస్తుంది. పైన పోలీసు జీపు ఆగుతోంది. ఫోన్‌లో దేవేంద్ర అన్న మాటను వాళ్ళు నమ్ముతారో లేదో తెలియదు.

మీరెప్పుడైనా సీతానగరం రేవులో కాళ్ళు కడుక్కుంటే, అడుగున మట్టి మెత్తగా తగిలితే, ఒక్క క్షణం ఆగండి. సింధూరి అని ఒక నేతవాళ్ళ పిల్ల ఉండేది. బొమ్మలు చేసేది. తనంతట తాను చనిపోలేదు. దయచేసి గుర్తుంచుకోండి.