విడిగా ఉంటున్న తేదీ

ఆ పొద్దున కూడా టైపిస్టు వంటింట్లో నిలబడి టీ తాగింది. ఆమె భర్త వడ్రంగి, హాల్లో మడతమంచం మీద కూర్చుని తాగాడు. మధ్యలో గోడ ఉంది కాబట్టి గొడవ లేదు. పది గంటలకు ఇద్దరూ వెళ్లి విడాకుల అర్జీ మీద సంతకాలు పెట్టాలి, అంతే.

వెళ్లాల్సింది ఆమె పనిచేసే లాయరమ్మ ఆఫీసుకే. పదకొండేళ్లుగా ఎందరివో విడాకులు ఆమె వేళ్ల మీదుగానే పోయాయి. తన అర్జీ కూడా తానే కొట్టుకుంది. ఏడవలేదు. తనది ఆ టైపు కాదనుకుంది.

"ఇవాళ సంతకం పెడితే ఇవాళే తెగిపోదు," లాయరమ్మ వడ్రంగికి చెప్పింది. "కోర్టు కొన్ని నెలలు గడువిస్తుంది. మళ్లీ ఇద్దరూ వచ్చి ఇదే మాట చెప్పాలి. ఈలోగా ఎవరు వద్దన్నా ఆగిపోతుంది."

"పెళ్లికి ఒక్కసారి వస్తే సరిపోయింది. విడిపోడానికి రెండుసార్లు కలిసి రావాలన్నమాట."

ఒకప్పుడైతే టైపిస్టు పడీపడీ నవ్వేది. ఇప్పుడు స్టాప్లర్ వంక చూస్తూ కూర్చుంది.

"ఎప్పట్నుంచి విడిగా ఉంటున్నారో ఆ తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది. చెరో కాగితం మీద రాయండి."

రాశారు. లాయరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకుంది. "ఆమెది నాలుగేళ్ల కిందటిది, మీది రెండేళ్ల కిందటిది. ఒక అర్జీలో రెండు తేదీలు కుదరవు. బయట కూర్చుని ఒకటి తేల్చుకు రండి."

బెంచీ మీద ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

"నాలుగేళ్లేంటి?" అన్నాడు వడ్రంగి. "మంచాన పడ్డ అత్తయ్యను మనింటికి తెచ్చుకున్న రోజది. ఆవిడ పక్కన నువ్వు పడుకోవాలని నేను హాల్లోకి మారాను. అది విడిపోవడమా?"

"మరి అమ్మ పోయాక లోపలికి రాలేదేం?"

"వచ్చాను. మూడో రోజు, మంచం మడిచి చంకలో పెట్టుకుని మరీ వచ్చాను. లోపల గడియ పెట్టుంది. నేను రాసింది ఆ తేదీ."

ఆమె బెంచీ మీద అతని వైపు తిరిగింది.

"నా ఏడుపు మీకు వినబడకూడదని పెట్టుకున్నాను. పొద్దున్నే పనికెళ్లే మనిషి కదా అని. తలుపు కొట్టొచ్చుగా?"

"అందరి ఇళ్లల్లో తలుపులు కొడతాను, మేకులేసి. ఆ ఒక్క తలుపే కొట్టలేకపోయాను."

ఆమెకు నవ్వు రాబోయి, దాని బదులు కన్నీళ్లొచ్చాయి. మొద్దుబారిన చెంపల మీద అవి వెచ్చగా తగిలాక గానీ ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియలేదు.

లాయరమ్మ తలుపు తీసింది. "ఏ తేదీ వేద్దాం?"

"ఖాళీగానే ఉంచండి మేడమ్," అంది టైపిస్టు. "ముందు ఇంట్లో ఒక గడియ పీకించాలి."

వడ్రంగి భుజానున్న పనిముట్ల సంచిలో చెయ్యి పెట్టి తడిమాడు. "స్క్రూడ్రైవరుంది," అన్నాడు.